తోడుబిళ్ళ

యుద్ధం మొదలైన నలభై మూడో రోజు ఉదయం నూకరత్నం ఆసరా కేంద్రం వంటశాలలో జావ క్యానుకు మూత బిగిస్తూ ఉంది. ఉన్నట్టుండి ఆమె ఎడమ చంక కింద ఎవరో పిడికిలితో గట్టిగా అదిమినట్టయింది. నొప్పి ఎడమ భుజం మీదుగా చిటికెన వేలి దాకా పాకింది. అయితే ఆ నొప్పి ఆమెది కాదు.

"గవరయ్య తాతకి బాగోనేదు," అని పక్కనున్న వంటావిడతో చెప్పి, క్యాను అక్కడే వదిలేసి మందుల సంచీ భుజానికి తగిలించుకుని పరుగెత్తింది.

విశాఖ పాతనగరంలో సెల్ టవర్లు మొదటి వారంలోనే కూలిపోయాయి. ఫోన్లు లేవు. అంబులెన్సులన్నీ రేవు వైపే తిరుగుతున్నాయి. మంచం దిగలేనివాళ్ళు, గుండెజబ్బు వాళ్ళు, కదలకూడని గర్భిణులు ఇళ్ళల్లోనే ఉండిపోయారు. రెండు వందల ఇళ్ళకు ఆసరా కేంద్రం పంపగలిగింది తొమ్మిది మంది సేవికలను. నూకరత్నం వాళ్ళల్లో ఒకతె. ఏ ఇంటికి ముందు వెళ్ళాలో తెలియక, తిరిగి తిరిగి ఆలస్యంగా చేరి, మంచం మీద చల్లబడిపోయిన మనుషులను చూసి ఏడ్చిన రోజులవి.

అలాంటప్పుడు, మూతపడిన హైస్కూలులోని సైన్సు గదిని ప్రయోగశాలగా మార్చుకున్న డాక్టర్ ఎస్తేరు రాణి తోడుబిళ్ళను తయారు చేసింది. కందిబద్దంత ఉంటుంది. రోగి మెడ ఎముక కింద చర్మానికి అంటిస్తారు. సేవిక ముంజేతికి ఒక పట్టీ కడతారు. టవర్లతో పని లేదు. రోగి గుండె తడబడినా, ఊపిరి అందకపోయినా, ఒళ్ళు నొప్పి పెట్టినా అది సేవిక ఒంటికి తెలుస్తుంది. మొదటి పది రోజులు నూకరత్నానికి వాంతులయ్యాయి. ఆ తర్వాత శరీరం నేర్చుకుంది. నిండుగా జనం ఉన్న ఇంట్లో నడక చప్పుడు విని వచ్చేదెవరో చెప్పినట్టు, ఏ నొప్పి ఎవరిదో చెప్పగలిగే స్థితికి వచ్చింది. ఆమె ఒంట్లో ఇరవై ఇద్దరు కాపురమున్నారు.

గవరయ్య మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. ముఖమంతా చెమట. మాత్రల సీసా చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లిపోయింది. నూకరత్నం నేల మీద బోర్లా పడుకుని దాన్ని అందుకుని, ఒక మాత్ర ఆయన నాలుక కింద పెట్టింది. ఆయన ఛాతీలో బిగువు సడలుతూ ఉంటే ఆమె చంక కింద పిడికిలి కూడా వేలు తర్వాత వేలు విడిపోయింది.

ముప్పై ఏళ్ళు ఓడల రేకుల మీద సుత్తి కొట్టి చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన. తనకు వినపడదు కాబట్టి లోకానికీ వినపడదనుకుని అరిచి మాట్లాడతాడు.

"పిలవనేదు గదే, ఎలాగొచ్చీసినావు?"

"పిలిస్తేగానీ రాకూడదేటి?" అని ఆమె చేతులు తిప్పుతూ సైగ చేసింది.

"పొద్దున్నుంచీ ఏటీ తిన్నట్టు నేవు. ఆ గూట్లో అటుకులున్నాయి, తిని ఎల్లు," అన్నాడు.

తన ముఖం అంత పీక్కుపోయి ఉందా అనుకుంటూ ఆమె రెండు గుప్పెళ్ళ అటుకులు నోట్లో వేసుకుని బయల్దేరింది.

మరో నాలుగిళ్ళు చూసుకుని మధ్యాహ్నం తిరిగి వస్తుండగా, ఉప్పు గిడ్డంగుల దగ్గర, సైరన్ మోగింది. బంకరు రెండు వీధుల అవతల ఉంది. రోడ్డు మీద నీడ కూడా లేదు. డ్రోన్ల రొద పిండిమర చప్పుడులా దగ్గరకు వస్తోంది. నూకరత్నం రోడ్డు పక్క గెడ్డ కాలువలోకి దూకి, మురికినీటి పక్కన గోడకు అతుక్కుపోయింది. ఏదో పెద్ద వెలుగు. ఆ వెనకే భూమి ఒక్కసారి పైకి లేచి పడింది. గిడ్డంగి పైకప్పు రేకులు ఆమె తల మీదుగా కాగితాల్లా ఎగిరిపోయాయి. నోరు తెరిచి అరిచింది కానీ ఆ అరుపు ఆమెకే వినపడలేదు. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది. చచ్చిపోతున్నాను, ఇప్పుడే, ఇక్కడే, ఈ మురికిలోనే అనుకుంది.

అదే సమయంలో ఆమె లోపల ఇరవై ఇద్దరి గుండెలూ కట్లు తెంచుకుని పరుగెత్తాయి. పాపం, వాళ్ళు కూడా సైరన్ విని హడలిపోయారనుకుంది. వాటిలో బీబీజాన్‌ది నింపాదైన గుండె, బరువు మోసుకుంటూ మెట్లెక్కే మనిషిలా మెల్లగా నడిచేది. అది కూడా పరుగెత్తింది. పరుగెత్తి, తొట్రుపడి, ఆగిపోయింది.

సైరన్ ఆగీ ఆగకముందే నూకరత్నం లస్కర్ల వీధికి పరుగు తీసింది. బాంబు పడ్డ చోటికి ఆ వీధి చాలా దూరం. ఆ ఇంటికి ఒక్క పెంకు కూడా రాలలేదు. కిటికీ అద్దం చెక్కు చెదరలేదు. మంచం మీద తల్లి తలను ఒళ్ళో పెట్టుకుని షమీమ్ కూర్చుని ఉంది. ముప్పై దాటిన పిల్ల, కుట్టుమిషను మీద సైన్యానికి సంచులు కుడుతూ తల్లిని చూసుకుంటోంది.

"మధ్యాహ్నం తిని పడుకుంది అక్కా. నిద్రలోంచి లేచింది. అంతే," అంది షమీమ్. ఇంకా ఏదో చెప్పబోయి పెదవులు బిగించుకుంది.

నూకరత్నం ఆ చల్లబడుతున్న చెయ్యి పట్టుకుని, ఇంకో పావుగంట ముందు వచ్చి ఉంటే అనుకుంటూ చాలాసేపు కూర్చుంది.

*

ప్రతి శుక్రవారం పట్టీలో నిలవైన గుర్తులను డాక్టర్ ఎస్తేరు యంత్రంలోకి ఎక్కించుకుని చూస్తుంది. ఆ శుక్రవారం నూకరత్నాన్ని కూర్చోమంది. తలుపు దగ్గరగా వేసింది. గోడల మీద ఇంకా పిల్లల కోసం గీసిన కప్ప బొమ్మ, పువ్వు బొమ్మ ఉన్నాయి.

తెర మీద ఇరవై రెండు గీతలు పక్కపక్కన సాగుతున్నాయి. ఒకచోట అన్నీ కలిసి నిటారుగా లేచాయి.

"ఇది బుధవారం మధ్యాహ్నం," అంది డాక్టరు.

"సైరన్‌కి హడిలిపోనారు డాక్టరమ్మా."

"గవరయ్యకి సైరన్ వినపడదు కదా."

నూకరత్నం తెర వైపు చూసింది. గవరయ్య గీత కూడా అందరితోపాటే లేచి ఉంది.

"అప్పుడు కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడట. నేను వెళ్ళి అడిగాను. భూమి కూడా అదరలేదట," అంది డాక్టరు. తర్వాత తెరను వెనక్కి జరిపింది. "ఇది ముప్పై ఎనిమిదో రోజు. ఆ రోజు దాడి లేదు. సైరన్ లేదు. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఏం జరిగిందో గుర్తుందా?"

నూకరత్నం ఆలోచించింది. ఆ రోజు నీళ్ళ బిందెతో మెట్ల మీద కాలు జారింది. పడలేదు, గోడ పట్టుకుని ఆగింది. ఒక్క క్షణం ప్రాణం ఝల్లుమంది.

తెర మీద ఆ క్షణానికి ఇరవై రెండు గీతలూ చిన్నగా ఎగిరి పడ్డాయి.

"వాళ్ళ నుంచి నీకు వస్తుందనే అనుకున్నాం," అంది డాక్టరు. ఆమె గొంతు తగ్గిపోయింది. "నీ నుంచి కూడా వాళ్ళకి వెళ్తోంది. మామూలప్పుడు కొంచెమే. నువ్వు బాగా భయపడినప్పుడు మాత్రం వరదలా వెళ్తోంది. కుర్రవాళ్ళయితే తట్టుకుంటారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు…"

నూకరత్నం చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసింది.

"అయితే బీబీజానమ్మని సంపింది నానేనా?"

"చంపింది బాంబు."

"బాంబు ఆయమ్మకి తగల్లేదు డాక్టరమ్మా. నా బయం తగిలింది."

డాక్టర్ ఎస్తేరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తొమ్మిది మంది సేవికల జాబితాలు కలిపి చూస్తే ఇలాంటి చావులు ఏడున్నాయి. నగర రక్షణ సమితికి ఆమె రాసి పంపింది. ఎవరితోనూ అనవద్దని జవాబు వచ్చింది. బిళ్ళ రాకముందు రెండు వారాల్లోనే అరవై మంది దిక్కులేకుండా పోయారు. ఈ సంగతి బయటపడితే జనం బిళ్ళలు పీకేస్తారు, మళ్ళీ అంతమంది పోతారు అని సమితి వాదన.

"వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు," అంది డాక్టరు. సొరుగులోంచి ఒక మందు పొట్లం తీసి ఇచ్చింది. "బయటికి వెళ్ళే ముందు ఒకటి వేసుకో. భయం తగ్గుతుంది."

మర్నాడు నూకరత్నం మాత్ర వేసుకుంది. మధ్యాహ్నం సైరన్ మోగితే, తడిసిన దూదిలోంచి నడిచినట్టు నింపాదిగా బంకరులోకి నడిచింది. గుండె వేగం పెరగలేదు. లోపల ఎవరూ పరుగెత్తలేదు. దేవుడా, ఇంత సులువా అని సంతోషించింది కూడా.

బంకరులోంచి వచ్చి, ఇళ్ళ వరసలో నాలుగోది అయిన కుమారి ఇంటి తలుపు తోసింది. కుమారికి ఏడో నెల. కదలకూడదని డాక్టర్లు మంచం ఎక్కించారు. భర్త సైన్యంలో ఉన్నాడు, అత్తగారు పగలంతా పనికి పోతుంది. ఆ పిల్ల మంచానికీ తలుపుకూ మధ్య నేల మీద పడి ఉంది. లంగా అంతా రక్తం. నేల మీద పాక్కుంటూ వచ్చిన జాడ ఎండిపోయి ఉంది.

"ఎంతసేపని పిలిచేనో పిన్నీ," అంది కుమారి, కళ్ళు సగం మూతలు పడుతుండగా. "కడుపు పట్టుకుని నిన్నే పిలిచేను. నీకు తెలీలేదా?"

నలుగురు కలిసి ఆమెను తలుపు చెక్క మీద పడుకోబెట్టి ఆస్పత్రికి మోశారు. తల్లి దక్కింది. బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

నూకరత్నం ఆ చేతులతోనే, రక్తం కడుక్కోకుండానే, డాక్టర్ ఎస్తేరు దగ్గరకు వెళ్ళి మందు పొట్లం బల్ల మీద పెట్టింది. ఆమె ఏమీ చెప్పకముందే డాక్టరుకు అర్థమైంది.

"ఒకటే తలుపు," అంది డాక్టరు, తనలో తను అనుకున్నట్టు. "నీ భయం బయటికి పోయేదీ, వాళ్ళ బాధ లోపలికి వచ్చేదీ ఒకటే తలుపు. మూస్తే రెండూ మూసుకుపోతాయి."

*

ఇంట్లో నూకరత్నానికి ఉన్నది అక్క సన్నెమ్మ ఒక్కతే. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం సన్నెమ్మ గుండె కవాటాన్ని తినేసింది. ఆ గుండెతోనే రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి ఇరవై ఏళ్ళు రొయ్యలు ఒలిచి, తల్లి లేని చెల్లెల్ని పెంచింది. ఆమె మెడ ఎముక కింద కూడా బిళ్ళ ఉంది. ఆ ఇరవై ఇద్దరిలో ఆమె ఒకతె.

ఆ సాయంత్రం నూకరత్నం అక్క పక్కన కూర్చుని, తల దువ్వుతున్నట్టు నటిస్తూ బిళ్ళ అంచు కింద గోరు పెట్టింది. సన్నెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏటి సేత్తన్నావు?"

నూకరత్నం చెప్పకుండా ఉండలేకపోయింది. గీతలు, గవరయ్య, బీబీజాన్, కుమారి, అంతా చెప్పింది. చెప్పి, "తీసీనీ అప్పా. నీ కాళ్ళు పట్టుకుంతాను," అంది.

సన్నెమ్మ ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు.

"నువ్వు మెట్లెక్కితే నా మోకాళ్ళు నొప్పెడతాయి. నువ్వు తినకపోతే నా కడుపు కాల్తాది. మొన్న గెడ్డలో పడుకున్నప్పుడు నాను ఈ మంచం కోడు పట్టుకుని వొణికీసినాను. నాకు తెలీదనుకున్నావేటి? బిళ్ళ ఎట్టిన రెండో వారం నుంచీ తెలుసు."

"మరి సెప్పవేటి?"

"సెప్తే తీసీమంటారని." సన్నెమ్మ ఊపిరి అందడానికి ఆగింది. "నువ్వు పొద్దున్న గుమ్మం దాటితే, బతికున్నావో నేదో తెలిసేది నాకు దీన్లోంచే గదే. అది తీసీసి, ఈ మంచం మీద కూకుని ఆకాశం సూస్తా ఉండమంతావేటి? ఆ బయానికి సావనేటి నాను?"

నూకరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రోజు నుంచి ఆమెకు బాంబుల కంటే తన గుండె అంటేనే భయం పట్టుకుంది. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేది. ఉలిక్కిపడినందుకు మళ్ళీ వణికేది. వీధిలో నడుస్తూ అంకెలు లెక్కపెట్టేది. పిల్లలు ఎక్కడైనా టపాకాయలా తలుపు వేస్తే గోడకు ఆనుకుని, ఒక్కొక్కరినీ లోపల తడుముకునేది. గవరయ్య ఉన్నాడా, ఉన్నాడు. అప్ప ఉందా, ఉంది. భయపడకూడదు అనుకోవడమంత భయం ఇంకొకటి లేదని ఆమెకు అప్పుడే తెలిసింది. పట్టీ తీసేసి కేంద్రంలో పారేద్దామని రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ దారిలో ఎవరో ఊపిరాడక ఆమెను పిలిచారు. వెళ్ళింది. బతికించింది.

*

యాభై ఒకటో రోజు మధ్యాహ్నం సైరన్ మోగనే లేదు.

నూకరత్నం సున్నపుబట్టీ సందులో, మూడంతస్తుల మేడ మెట్ల కింద నుంచి నడుస్తోంది. వెలుగు రాలేదు, చప్పుడు వినపడలేదు. మెట్లు ఉన్నచోటే విరిగి మీదికి వంగాయి. కళ్ళు తెరిచేసరికి చీకటి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు రాళ్ళ కింద ఉన్నాయి. ఎక్కడో పెద్ద గొట్టం పగిలింది. చల్లటి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి, ఆగకుండా నడుం దాకా ఎక్కాయి.

మొదట ఆమె గుండెను నింపాదిగా ఉంచుకోవడానికి ప్రయత్నించింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. నీళ్ళు ఇంకో వేలెడు ఎత్తు పెరిగాయి. అంతే. ఆ పైన ఆమె చేతుల్లో ఏమీ లేదు. శరీరం దానంతట అది చావుకు భయపడింది. కడుపులోంచి, ఎముకల్లోంచి భయం పొంగుకొచ్చింది. లోపల ఇరవై ఒక్క గుండెలు దడదడమని లేచాయి. ఆపలేకపోయింది. వాళ్ళ పరుగు విని ఇంకా హడలిపోయింది. ఆ హడలు విని వాళ్ళు ఇంకా పరుగెత్తారు.

అందరి మధ్యా అక్క గుండె వినపడింది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. తర్వాత రెండు దెబ్బలు, ఖాళీ. ఆ ఖాళీ మాటమాటకూ పెద్దదవుతోంది.

పట్టీ కుడి ముంజేతికి ఉంది. తీసేస్తే వాళ్ళందరూ ఆమె భయం నుంచి బయటపడతారు. తీసేస్తే ఆమె ఇక్కడ ప్రాణాలతో ఉన్నట్టు భూమ్మీద ఒక్కరికి కూడా తెలియదు. పోయిందనుకుంటారు. రాళ్ళు తవ్వేవాళ్ళు ముందు చప్పుడు ఉన్న చోట తవ్వుతారు, తర్వాతే మిగతా చోట్లు.

రెండు దెబ్బలు. ఖాళీ. ఒక దెబ్బ.

నూకరత్నం కుడి చెయ్యి నోటి దగ్గరకు తెచ్చుకుని పట్టీ ముడిని పళ్ళతో పట్టుకుంది. తడిసిన నాడా జారిపోయింది. మళ్ళీ పట్టుకుని, తల అటూ ఇటూ విదిలించి లాగింది. పట్టీ ఊడి నీళ్ళల్లో పడింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. ఐదు వారాల తర్వాత ఆ ఒంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. ఇల్లంతా జనం ఉండగా కళ్ళు మూసి తెరిచేసరికి ఎవరూ లేనట్టు ఉంది. అక్క గుండె మళ్ళీ కొట్టుకుందో లేదో ఇక తెలియదు.

అప్పుడు ఆమె అరిచింది. ఇక ఎవరికీ తగలదు కదా అని, గొంతు చీరుకుపోయే దాకా, నోట్లో రక్తం రుచి తెలిసే దాకా అరిచింది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చి అక్కడ ఆగాయి. ఎందుకు ఆగాయో ఆమెకు తెలియదు. అక్కడే ఆగుతాయో లేదో కూడా తెలియక, ప్రతి క్షణం చెయ్యి పెట్టి చూసుకుంటూ, వణుకుతూ గడిపింది. ధైర్యం రాలేదు. చివరిదాకా భయపడుతూనే ఉంది.

పొద్దు వాలే వేళకు తల మీద రాయి కదిలి వెలుతురు పడింది.

*

ఆస్పత్రిలో పక్క మంచం మీద సన్నెమ్మ ఉంది. ముక్కుకు గొట్టం, పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

జరిగింది రక్షణ దళం కుర్రవాళ్ళు చెప్పారు. పదేళ్ళుగా వీధి చివరి దాకా కూడా నడవలేని సన్నెమ్మ, గోడలు పట్టుకుని, చోట చోట కూలబడి, మూడు వీధులు దాటి దళం గుడారం దగ్గరకు వచ్చిందట. "మా సెల్లి నడుందాకా నీళ్ళల్లో ఉంది. ఎడంకాలు నలిగిపోనాది. పెద్ద గొట్టం ఎక్కడ పగిలిందో అక్కడ తవ్వండి," అని చెప్పి అక్కడే పడిపోయింది. ఆ రోజు పెద్ద గొట్టం పగిలింది ఒక్క సున్నపుబట్టీ సందులోనే.

ఆ నడకతో సన్నెమ్మ గుండె మరింత దెబ్బతింది. ఇక మంచం దిగలేదని డాక్టర్లు చెప్పారు.

"నీకోసమే గదప్పా తీసి పారీసినాను," అంది నూకరత్నం, ఏడుస్తూ. "ఎందుకు నడిసినావు?"

"నువ్వు ఆగిపోనావు గదే మరి," అంది సన్నెమ్మ, గొట్టం పక్క నుంచి, మాటకు మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. "సచ్చిపోయి ఆగినావో, తీసీసి ఆగినావో నాకేటి తెలుసు?"

మూడో రోజు డాక్టర్ ఎస్తేరు వచ్చింది. కొత్త పట్టీ తెచ్చింది కానీ సంచీలోంచి బయటికి తీయలేదు.

"ఇళ్ళకెల్లి సెప్పీస్తాను డాక్టరమ్మా," అంది నూకరత్నం. "ఉన్నదున్నట్టు సెప్తాను. ఉంచుకుంతామన్నవాళ్ళు ఉంచుకుంతారు. నేదన్నవాళ్ళు తీసీమంటారు. ఎవరి గుండె వాళ్ళది."

"సమితి ఊరుకోదు."

"నన్నేటి సేత్తారు? కాలు ఎలాగూ పోయింది."

డాక్టర్ ఎస్తేరు సంచీ మూత బిగించింది. "నిన్ను ఒక్కదాన్నే పంపను," అంది. "తయారు చేసింది నేను."

రెండు వారాల తర్వాత ఇద్దరూ బయల్దేరారు. ఒకామె చంకకర్రల మీద, ఒకామె మందుల సంచీతో. ఆ వారమే డాక్టరును ఉద్యోగంలోంచి తప్పిస్తూ కాగితం వచ్చింది. అయినా ఆమె తిరిగింది. ఒక ఇంట్లో ముఖం మీద తలుపు వేశారు. ఒక ఇంట్లో కొడుకు బిళ్ళను పీకి వీధిలోకి విసిరాడు. కుమారి అత్తగారు నోటికి వచ్చినట్టు తిట్టింది. ఆస్పత్రిలో గాజుపెట్టెలో బతుకు కోసం పోరాడుతున్న పసిగుడ్డు ఆమె మనవరాలు. నూకరత్నం తల వంచుకుని అన్నీ విని, ఆ ఇంటి గడప దిగింది. గవరయ్య మాత్రం పళ్ళు లేని నోటితో నవ్వాడు. "నీ ఆకలి నాకు తెలీకపోతే ఆ రోజు అటుకులు ఎందుకెట్టినాననుకున్నావు?" అని వీధంతా వినపడేలా అరిచాడు. పదకొండు మంది ఉంచుకుంటామన్నారు. పది మంది వద్దన్నారు. వద్దన్నవాళ్ళను చూడటానికి వంతుల వారీగా ఇరుగుపొరుగును కుదిర్చే పని డాక్టరు నెత్తిన వేసుకుంది.

బిళ్ళ పెట్టుకున్న మనిషే పోయిన ఇల్లు ఒకటి మిగిలింది. అక్కడికి నూకరత్నం ఒక్కతే వెళ్ళింది.

షమీమ్ మిషను ఆపి కుర్చీ లాగింది. నూకరత్నం కూర్చోలేదు. చంకకర్రల మీద నిలబడే, గెడ్డలో పడుకున్న సంగతి, గీతల సంగతి, డాక్టరు చెప్పిన సంగతి వరసగా చెప్పింది. మాట తడబడినా ఆపలేదు. "మీ యమ్మ నా బయానికి సచ్చిపోయింది షమీమ్. నాకు తెలీక జరిగింది. అయినా జరిగింది," అంది.

షమీమ్ మిషను మీద ఉన్న ఖాకీ గుడ్డను మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఆ రోజు నీకు ఒకటి చెప్పలేదు అక్కా," అంది చివరికి. "అమ్మీ నిద్రలోంచి లేచి కూర్చుంది. 'రత్నం ఎక్కడో పడిపోయింది. చాలా భయపడుతోంది. పోయి తీసుకురా' అంది. నేను వెళ్ళలేదు. 'సైరన్ మోగుతోంది అమ్మీ, బయటికెళ్తే చచ్చిపోతాం' అన్నాను. తలుపు గడియ పెట్టేశాను. అప్పుడు అమ్మీయే లేచింది. చెప్పులు వేసుకుంది. గడియ తియ్యమని నాతో పెనుగులాడింది." షమీమ్ తలుపు గడియ వైపు చూసింది. "ఆ గుమ్మం దగ్గరే పడిపోయింది. నువ్వు వచ్చేలోగా నేనే ఎత్తుకొచ్చి, చెప్పులు తీసేసి, మంచం మీద పడుకోబెట్టాను."

నూకరత్నం చంకకర్రలు వదిలేసి నేల మీద కూలబడింది. షమీమ్ వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు తాకలేదు. తప్పు ఎవరిది అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

అప్పుడే సైరన్ మోగింది. పిండిమర చప్పుడు రేవు వైపు నుంచి మొదలైంది. నూకరత్నం చెయ్యి అలవాటుగా ముంజేతి మీదికి పోయింది. అక్కడ ఇంకా పట్టీ లేదు.

"భయంగా ఉందా అక్కా?"

"ఉంది."

"నాక్కూడా."

వీధిలో ఎవరో పరుగెడుతున్నారు. ఒక పిల్ల ఏడుపు, ఒక ఆడమనిషి కేక వినిపించాయి. షమీమ్ లేచింది. గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్ళి, గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, "ఇటు రండి! లోపలికి రండి!" అని వీధిలోకి అరిచింది.